అత్తగారు లాగిన బోల్టు

ఎడమవైపు చక్రాల నట్లు ఎదురు దిక్కుకు తిప్పితేనే ఊడతాయని ఆ లారీ డ్రైవరుకు తెలియక కాదు. పంచరైన ముందు చక్రం మార్చే తొందరలో మరిచాడు. పానాకు బారెడు గొట్టం తొడిగి, దానిమీదెక్కి, కొండ కూడా కాస్త జరిగేంత ఊపు ఊపాడు. ఠంగుమంది. నట్టుతోపాటు సగం బోల్టు తెగి వాకిట్లో దొర్లింది.

అప్పటికి ఏడున్నర. పదింటికల్లా నర్సరీలో నారు ఎక్కించుకోవాలి. దాటితే వేరే లారీని పిలుస్తానని నర్సరీ ఆసామి తెగేసి చెప్పాడు. మూడేళ్ల బేరం మూడు నిమిషాల్లో పోయేలా ఉంది.

"ఆరు బోల్టుల్లో అయిదున్నాయిగా! మెల్లగా పోతాను అత్తయ్యా."

కూతురింటికి వచ్చిన అత్తగారు వరండాలో టీ తాగుతోంది. ముప్పయ్యేళ్లు మొగుడి మెకానిక్ షెడ్డులో సగం పని తనే చేసిన మనిషి.

"ఆరుగురి బరువు అయిదుగురి నెత్తిన పెడితే అయిదుగురూ పారిపోతారు. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీ ఎత్తు అల్లుడూ."

చీర కొంగు బిగించింది. చక్రం దింపించి, ఇరుసు కింద దిమ్మ పెట్టించి, బ్రేకు డ్రమ్ము తీయించింది. లోపల మిగిలిన బోల్టు ముక్కను రెండు దెబ్బల్లో వెనక్కి పంపింది. సీటు కింది డబ్బాలోని కొత్త బోల్టు చూడగానే అల్లుడు సుత్తి ఎత్తాడు.

"ఆగు! పోయేదాన్ని కొట్టాలి, వచ్చేదాన్ని లాగాలి. కొడితే మరలు చెడతాయి."

బోల్టును వెనకనుంచి దూర్చి, దాని పళ్లు గాడిలో కూర్చునేదాకా కళ్లు మూసుకుని వేళ్లతోనే వెతికింది. ముందువైపు నాలుగు వాషర్లకు గ్రీజు రాసి తొడిగి, నట్టు తిరగేసి పెట్టింది.

"ఎటు తిప్పను?"

"ఇందాక తిప్పిన వైపే. అప్పుడూ బిగించావు, ఇప్పుడూ బిగించు!"

ఇంట్లోంచి పెళ్లాం నవ్వింది. నట్టు తిరిగేకొద్దీ బోల్టు పిలిచిన పిల్లిలా నడిచొచ్చింది. వెనక బోల్టు తల అంచున ఆవిడ వేలు పెట్టి చూసింది. వెంట్రుకంత సందు లేదు. లోకంలోని మెకానిక్కులందరినీ ఆ వాకిట్లో వరసగా నిలబెట్టి చూపించాలనిపించింది అల్లుడికి.

నట్టు విప్పి వాషర్లు తీశాక డ్రమ్ము, మంచి చక్రం ఎక్కాయి. నట్లన్నీ ఎదురెదురుగా బిగించాక ఆవిడ అంది: "కాస్త దూరం పోయాక ఆపి మళ్లీ బిగించు."

పదికి అయిదు నిమిషాలుండగా నర్సరీ నుంచి ఫోను చేశాడు.

"నారు ఎక్కుతోంది అత్తయ్యా!"

"అది ఎక్కుద్దిలే. నట్లు చూశావా?"

"చూశాను. ఒక్కటీ కదల్లేదు."

"మరింకేం," అంది, ఊళ్లో వానలన్నీ తనే కురిపించినంత ధీమాగా.