నురుగు కింద ఎర్రదీపం

"న్యూట్రల్‌లో పెట్టండి. బ్రేక్ మీంచి కాలు తీసెయ్యండి. స్టీరింగ్ వదిలెయ్యండి."

మల్సుక్ ఈ మూడు మాటలూ పొద్దున్నుంచి నలభయ్యోసారి చెప్పింది. రాత్రంతా గాలికి కొట్టుకొచ్చిన పసుపు దుమ్ము కురిసింది కాబట్టి కున్సాన్ ఊళ్లో కార్లన్నీ ఇవాళ కడిగించుకోడానికి ఈ షెడ్డుకే వచ్చినట్టున్నాయి. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, తలకి పువ్వుల గుడ్డ, చేతిలో పొడుగాటి కుచ్చు బ్రష్షు. బకెట్టులోంచి నురుగు తీసి కారు వెనకభాగమంతా తెల్లగా పులిమేస్తుంది. తర్వాత పట్టాల మీది గొలుసు కారుని సొరంగం లాంటి షెడ్డులోకి లాక్కుపోతుంది. పదకొండేళ్లుగా చేస్తున్నా, ఎండ పడినప్పుడు నురుగుబుడగల్లో మెరిసే రంగులు చూస్తే అరవై మూడేళ్ల మల్సుక్‌కి ఇప్పటికీ ముచ్చటే.

ఈ కారు కదల్లేదు. బజరు మోగింది.

"కాలు తియ్యండి బాబూ."

"తీశానండీ."

"వెనక ఎర్రదీపాలు వెలుగుతున్నాయి."

"తీశానంటుంటే."

అతను తల వంచి కిందికి చూసుకున్నాడు. బ్రేక్ మీద ఉన్న తన కాలుని పక్కింటివాళ్ల కాలుని చూసినట్టు చూశాడు. తీశాడు. గొలుసు లాగింది.

రోజుకి అయిదారుగురు ఇలాగే ఉంటారు. అబద్ధమాడరు. వాళ్ల కాలే వాళ్లకి చెప్పకుండా పని చేస్తుంది. అందుకే, కారు దానంతటదే దూసుకుపోయిందని ఏ ముసలాయనో టీవీలో ఏడిస్తే, ఊరందరిలాగే మల్సుక్ కూడా పెదవి విరిచేది. బ్రేక్ అనుకుని పక్కనున్న యాక్సిలరేటరు తొక్కి ఉంటాడు, ఇంకేముంది.

కిందటి శరత్కాలం దాకా.

కూ ఇన్‌బే గారు ముప్ఫై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు. ఆ రోజు పక్కసీట్లో భార్య ఉంది. పట్టాల దగ్గర కారు ఆపాడు. మల్సుక్ వెనక నురుగు పులమడం పూర్తిచేసిందో లేదో, ఇంజను ఒక్కసారిగా గొంతు చించుకుంది. కారు తిరుగుతున్న బ్రష్షులని చీల్చుకుని, షెడ్డు అవతలి వైపు నుంచి బయటపడి, రోడ్డు దాటి గోడకి గుద్దుకుంది. ఆయన బతికాడు. భార్య బతకలేదు.

కారు దూకిన ఆ క్షణంలో మల్సుక్ దానికి బారెడు దూరంలో ఉంది. తెల్లటి నురుగు లోపల రెండు వైపులా ఎర్రగా వెలిగింది. షెడ్డు కెమెరాలో మాత్రం నురుగొక్కటే పడింది. బ్రేక్ తొక్కలేదని కారులోని రికార్డరు చెబుతోందని పోలీసాయన అన్నాడు. "మీరేం చూశారు?" అని అడిగాడు. తన కళ్లకంటే మిషనుకే బాగా తెలుసుంటుందనుకుంది. "నురుగే కనబడింది" అని సంతకం పెట్టింది.

అప్పట్నుంచీ ఇంజను ఆపేసిన కార్ల మీద నురుగు పులిమినా ఆమెకి లోపల ఎర్రగా కనబడుతోంది. చేత్తో తుడిచి చూస్తుంది. దీపం ఆరిపోయే ఉంటుంది. గాజు చల్లగా ఉంటుంది.

పది దాటాక కూ గారు నడుచుకుంటూ వచ్చాడు. కోటు ఆయనకి రెండు సైజులు పెద్దదైపోయింది. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో ఒక్క బూటు.

"పోలీసులు ఇచ్చేశారు చెల్లెమ్మా. ఆరోజు కుడికాలిది. అడుగున ఏ పెడలు గుర్తూ పడలేదట."

మల్సుక్ బ్రష్షు బకెట్టులో ముంచింది. తియ్యలేదు.

"రేపు కోర్టు. తప్పు నా కాలిదే అని ఒప్పుకో నాన్నా, శిక్ష తగ్గుతుంది అంటోంది మా అమ్మాయి. ఒప్పుకుంటే మా ఆవిణ్ణి నేనే చంపినట్టు. ముప్ఫై ఏళ్లు బస్సు నడిపిన కాలు ఇది. కానీ ఈమధ్య రాత్రిళ్లు దీన్ని చూస్తే నాకే అనుమానంగా ఉంటోంది." ఆయన కాలి మీంచి చూపు ఎత్తాడు. "నువ్వు నా వెనకే ఉన్నావు. ఎర్రదీపాలు వెలిగాయా?"

వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. కౌంటరులోంచి మేనేజర్ ప్యో తల బయటపెట్టాడు.

"పిన్నిగారూ, కబుర్లు తర్వాత. లైను చౌరస్తా దాకా పోయింది."

"లోపల కూర్చోండి కూ గారూ," అంది మల్సుక్. "భోజనాల వేళకి వస్తాను. మీకో మాట చెప్పాలి."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. సగం జవాబు దొరికినట్టు తలూపి, కార్లు పట్టాలెక్కే చోటుకి వెనకవైపు ఉన్న గాజు గదిలోకి వెళ్లాడు.

కారు తర్వాత కారు. ప్రతి నురుగులోనూ ఎరుపు. ఇవాళ ఆమె ఏదీ తుడిచి చూడలేదు. ఉత్త భ్రమ ఎలా ఉంటుందో ఇన్ని నెలలుగా చూస్తోంది. అది నీళ్లలా పలచగా ఉంటుంది, రెప్ప కొడితే పోతుంది. ఆరోజుది పోలేదు. కారు రోడ్డు దాటేదాకా, నురుగు చుక్కలు ఎగిరిపడుతున్నా, వెలుగుతూనే ఉంది. ఇన్నాళ్లూ ఈ తేడా తనకెందుకు తట్టలేదో.

పన్నెండున్నరకి రెండు కాగితం కప్పుల్లో తియ్యటి కాఫీ, అన్నం చుట్టల కింబాప్ పొట్లం ఒకటి పట్టుకుని గదిలోకి వెళ్లింది. కూ గారు కుర్చీలో వెనక్కి వాలి అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు.

"వెలిగాయి కూ గారూ," అంది కప్పు ఆయన ముందు పెడుతూ. "రెండూ వెలిగాయి. నేను చూశాను. రేపు కోర్టుకొచ్చి చెప్తాను."

కాఫీ మీద చిన్న బుడగ ఒకటి తిరిగి తిరిగి పగిలింది. ఆయన రెప్ప వెయ్యలేదు.

అంబులెన్సు వచ్చి ఆయన్ని తీసుకుపోయింది. గంటసేపు ఆగిన గొలుసుని ప్యో మళ్లీ తిప్పాడు.

"రేపు నాకు సెలవు కావాలి," అంది మల్సుక్. "పోలీసుల దగ్గరికి వెళ్లాలి. ఆరోజు నేను చూశాను."

"ఇప్పుడా పిన్నిగారూ? ఆయనే లేడు. ఎవరు నమ్ముతారు?"

"ఆయన కూతురుంది కదా."

ప్యో కౌంటరులోకి వెళ్లిపోయాడు.

మల్సుక్ బ్రష్షు తీసుకుంది. నీలం రంగు కారొకటి పట్టాలెక్కింది.

"న్యూట్రల్‌లో పెట్టండి. బ్రేక్ మీంచి కాలు తీసెయ్యండి."

"తీశానండీ," అంది లోపలావిడ.

గాజు గదిలో, కిటికీ గట్టు మీద, సంచిలోంచి సగం జారిన బూటు అడుగు భాగం ఇటు తిరిగి ఉంది, దాని అరిగిన గీతల మీద నీలం కారు వెనకదీపాల ఎర్రటి వెలుగు పడుతూనే ఉంది.