పన్నెండు జీనుల కొక్కేలు

కల్నల్ పరువు నలుగురిలో తీయాలని ఏడాది పాటు కాచుక్కూర్చున్నాను. అతను సైన్యం గుమ్మం తొక్కినవాడు కాదు, మీసాలు చూసి జనం పెట్టిన పేరది. గుర్రపుస్వారీ స్కూలు అతనిది. అక్కడి జీనులు కుట్టేదాన్ని నేను. పిల్లలకు స్వారీ నేర్పేది మా చెల్లెలు, పోయినేడు పడేదాకా.

ఎలా పడిందో చెప్తాను. పాదం పెట్టుకునే ఇనుప రికాబు ఒక తోలుపట్టీకి వేలాడుతుంది. ఆ పట్టీని జీను కింద ఒక కమ్మీకి తగిలిస్తారు. కమ్మీ చివర చిన్న కొక్కెం ఉంటుంది. దాన్ని కిందికి వదిలేస్తే, మనిషి పడి పాదం ఇరుక్కున్నా పట్టీ జారి ఊడొస్తుంది. పైకి బిగిస్తే ఊడదు. గుర్రం ఎంత దూరం పరిగెడితే అంత దూరం ఈడ్చుకుపోతుంది. మా చెల్లెల్ని మైదానం ఆ కొస దాకా ఈడ్చింది. తుంటి విరిగింది, మోకాలు నుజ్జయింది. తల మిగిలిందంటే హెల్మెట్ పుణ్యమే.

పాఠం మధ్యలో పట్టీలు జారి చికాకు పెడుతున్నాయని కొక్కేలు బిగించమన్నది కల్నల్. సుత్తితో కొట్టి బిగించింది నేను. వద్దని ఒక్కసారి అన్నాను. "నువ్వు కాకపోతే ఇంకొకడు" అన్నాడు. నోరు మూసుకుని కొట్టాను. ఆ సంగతి మా చెల్లెలికి చెప్పలేదు.

నేను చెప్పుకోలేనన్న ధీమాతోనే కల్నల్ రెచ్చిపోయాడు. ప్రతి ఆదివారం కొత్త పిల్లలకు జాగ్రత్తల పాఠం మా చెల్లెలి కథతో మొదలుపెట్టేవాడు. మడమ లేని బూట్లతో ఎక్కిందట, పాదం లోపలిదాకా దూర్చిందట, అంతా దాని పొగరేనట. పచ్చి అబద్ధం. నిలదీస్తే నవ్వాడు. "సుత్తి ఎవరిదో మీ చెల్లెలికి చెప్పమంటావా?" అన్నాడు. వెనక్కి తిరిగి వచ్చేశాను. అంతకన్నా ఘోరం, మా చెల్లెలే ఆ మాటలు నమ్మడం మొదలుపెట్టింది. "నిజంగానే పాదం ఎక్కువ దూర్చానేమో అక్కా" అంటుంటే, వాడి మీసాలు పీకి వాడి చేతిలోనే పెట్టాలనిపించేది.

చివరికి ఒక ఆదివారం దాన్ని బతిమాలి వెంటబెట్టుకెళ్లాను. ఎనిమిదిమంది పిల్లలు హెల్మెట్ల పట్టీలు బిగించుకుంటున్నారు. తల్లిదండ్రులు కంచె పట్టుకుని నిలబడ్డారు. మమ్మల్ని చూసి కల్నల్ గొంతు కాస్త తగ్గింది కానీ కథ మాత్రం ఆపలేదు.

"నేనూ ఒక జాగ్రత్త చెప్తాను సార్" అని ముందుకొచ్చాను. స్కూలు జీను ఒకటి కొయ్యబల్ల మీద పెట్టి, ఒక పిల్ల తండ్రి చేతికి రికాబు ఇచ్చాను. "వెనక్కి లాగండి."

లాగాడు. రెండు చేతులతో లాగాడు. బల్ల కదిలింది గానీ పట్టీ రాలేదు.

"ఇందులో ఉన్నది మీ అమ్మాయి పాదం అనుకోండి" అన్నాను. ఆయన రికాబు వదిలేశాడు.

కల్నల్ తేరుకునేలోపే జీనుల గదిలోకి వెళ్లి అతని సొంత జీను తెచ్చాను. "ఇప్పుడిది లాగండి." ఇలా పట్టుకోగానే పట్టీ అలా ఊడొచ్చింది.

"స్కూలు జీనులు పన్నెండూ బిగించమన్నారు. నాది మాత్రం ముట్టుకోకు అన్నారు. తెలిసే అన్నారు ఈయన."

కల్నల్ మొహం మాడిపోయింది. "మరి కొట్టిందెవరో కూడా చెప్పు" అన్నాడు, మా చెల్లెలి వంక చూస్తూ. అక్కడితో నా నోరు పడిపోతుందనుకున్నాడు.

"నేనే కొట్టాను. ఏమవుతుందో తెలిసే కొట్టాను. మా చెల్లెలి తప్పు గోరంత కూడా లేదు."

ఒక తల్లి కూతురి హెల్మెట్ విప్పింది. తర్వాత ఇంకొకరు. పది నిమిషాల్లో మైదానం ఖాళీ. "అమ్మా, ఒక్క నిమిషం, నా మాట వినండి" అంటూ కల్నల్ వాళ్ల వెనకాల పరుగెత్తాడు. ఆ పరుగు కళ్లారా చూశాను. అబద్ధమెందుకు, కసి తీరింది. హాయిగా ఉంది.

నవ్వుతూ చెల్లెలి వైపు తిరిగాను. అది నవ్వడం లేదు.

"రోజూ పొద్దున్నే నా మోకాలికి నూనె రాస్తావు కదా" అంది. "ఒక్క రోజైనా చెప్పాలనిపించలేదా?"



"వాడంటే పరాయివాడు" అంది.

చేతికర్ర అందుకుంది. రెక్క పట్టుకోబోతే విదిలించింది. గేటు దాకా అంత దూరమూ ఒక్కతే కుంటుకుంటూ నడిచింది.

మర్నాడు పొద్దున నూనెగిన్నె పట్టుకుని వెళ్తే, దాని గదికి లోపల గడియ పెట్టి ఉంది.