రేడియోలో నాగులమ్మ అభిప్రాయం

తన కొంటె పనిని పట్టుకునే మొనగాడు కల్వకుర్తిలో ఇంకా పుట్టలేదని ఆజం గట్టి నమ్మకం. ఆ ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు కూడా ఆ నమ్మకం ఉంది. ఎనిమిదీ అయిదుకు లేదు.

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. ఓపెన్ డిగ్రీ చదివే పన్నెండు మంది ప్రతి ఆదివారం కాలేజీ గదిలో కూడి హైదరాబాదు నుంచి వచ్చే రేడియో పాఠం వినేవారు. పాఠం అర్థమైందా, వేగం సరిపోయిందా అని అడుగుతూ రేడియోవాళ్లు నెలనెలా అభిప్రాయ కార్డులు పంపేవారు. వాళ్లలో ఒకడైన ఆజం రాత ముత్యాల్లా ఉంటుందని అందరూ సంతకం పెట్టి ఖాళీ కార్డులు అతని చేతికే ఇచ్చేవారు. బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే ఆజం, బేరం లేనప్పుడు ఒక్కో కార్డు మీద ఒక్కో కోత కోసి పోస్టులో వేసేవాడు.

ఆ పన్నెండు మందిలో నాగులమ్మ ఒకతి. ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. డిగ్రీ చేతికొస్తే అక్కడే ఆఫీసు పని ఇస్తామన్నారు. పోయినేడు అర్థశాస్త్రం నాలుగు మార్కులతో పోయింది. మళ్లీ పరీక్ష ఇంకా పన్నెండు రోజులే.

నెల రోజులుగా రేడియో సారు ఉరుకుతున్నాడు. నాగులమ్మ ‘గిరాకీ’ అని రాసేలోపు ఆయన సరఫరా దాటి బ్యాంకుల్లో పడుతున్నాడు.

“గీ సారు ఎనక కుక్కలు పడ్డయా ఏంది?” అంది నాగులమ్మ.

“బస్సు టైమైందేమో అక్కా,” అన్నాడు ఆజం, ముఖంలో గీత కదలకుండా.

అప్పుడే రేడియో సారు గొంతు సవరించుకున్నాడు. “ఇప్పుడు మీ కార్డులు. ముందుగా కల్వకుర్తి నుంచి నాగులమ్మ గారి అభిప్రాయం. ‘పాలు తోడుపెట్టి మీ పాఠానికి కూర్చున్నాను. మీ రెండో వాక్యం వచ్చేసరికి పెరుగైంది.’ అదే ఊరి గాలయ్య గారు ఒకే పాఠంలో రెండుసార్లు గడ్డం గీయించుకున్నారట. మీరు కోరినట్టే వేగం పెంచాం. ఇంకా పెంచుతాం.”

నాగులమ్మ పెన్ను ఆగింది. వెనక బెంచీలో గాలయ్య గడ్డం తడుముకున్నాడు. అందరూ ఆజం వైపు తిరిగారు.

“ఊర్ల ఇంకో నాగులమ్మ ఉన్నదేమో,” అన్నాడు ఆజం.

“ఉన్నది, మా చిన్నమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు. జర ఇటు సూడు తమ్మీ. గీసారి గూడ పోతే, నా బతుకంత గా పొయ్యికాడనే. ఎవలు రాసిండ్రు?”

ఆజం నోటి దాకా మరో అబద్ధం వచ్చింది. ఆమె నోటుబుక్కు కనబడింది. పేజీ నిండా సగంలో తెగిన వాక్యాలే.

“నేనే అక్కా. పన్నెండు కార్డులూ నేనే రాసిన. సారు నమ్ముతడనుకోలే.”

“సరే. మరి నువ్వు గూడ పరీక్ష రాస్తవు గద. నీకేమన్న సమజైతాందా?”

ఆజం తల దించుకున్నాడు.

“నెల సంది ఒక్క ముక్క సమజైతలేదక్కా.”