పాతిక పాతికగా పెంచిన వేగం

చర్ల మండలం మొత్తంలో కంప్యూటర్‌ను నాకంటే వేగంగా ఉరికించినవాడు లేడు. నా పేరు సంసోను. నలభై ఏళ్లు ఆయిల్ ఇంజన్లు బాగుచేశాను. నేను వేగం పెంచితే బావిలోని కప్పలు కూడా నీళ్లతోపాటు పొలంలో పడేవి. కళ్లు తిరిగి రెండు రోజులు వెనక్కి గెంతేవి.

మొన్న మే నెల సంగతి. మా మనవరాలు దీవెన సివిల్ డిప్లొమా చదివి, మా ఊరి కొత్త చర్చికి ప్లాను గీసింది. సంఘ పెద్దల దగ్గర ఖమ్మం నుంచి తెచ్చిన ప్లాను ఇంకోటి ఉంది. కాగితం మీది గీతలు మా పెద్దలకు ఎక్కవు. అందుకని చర్చిలో నడిచి తిరిగినట్టు కనిపించే వీడియో తయారుచేస్తోంది. సాయంత్రం నాలుగింటికి కూటం. మర్నాడే మేస్త్రీ పునాదికి ముగ్గు పోయాలి.

పొద్దున పదింటికి చూస్తే పిల్ల ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంది.

"ఏందమ్మా?"

"వీడియో నాలుగున్నరకు గానీ కాదంట తాతా. నాలుగు దాటితే ఖమ్మం ప్లానే ఖాయం అన్నడు పగిడయ్య పెద్దయ్య."

"అరగంట ఆగమని అడగరాదు?"

"అడిగిన. పెళ్లికి పోవాల్నంట."

"అయితే వేగం పెంచు. దీనికి స్క్రూ ఏడుంది?"

దీవెన నవ్వింది. "ఉన్నది తాతా. లోపల బొమ్మలు తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు వేగం పెంచొచ్చు. ఓవర్‌క్లాకింగ్ అంటరు. కాకపోతే వేడెక్కుతది. కాలిందంటే ప్లానూ పాయె, ల్యాప్‌టాపూ పాయె."

వేడి అన్న మాట చెవిన పడిందో లేదో, గోనెసంచి నీళ్లలో ముంచి తెచ్చి ల్యాప్‌టాప్ కింద పరచబోయాను.

"తాతా! కరెంటు సామాను కింద నీళ్లా? అందరం జల్దీ దవాఖానాకు పోదామనా?"

"మరి కూలర్‌కు పోస్తలేమా?"

"గా సంచి నీ నెత్తిన వేసుకో. సల్లబడతవ్!"

ఇక ఒప్పుకుంటాను: ఆ రోజు నేను మౌస్ ముట్టలేదు. ముట్టనివ్వలేదు. దీవెన ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ పీకి, అడుగు మూత విప్పింది. పెయింటు బ్రష్‌తో ఫ్యాన్ దుమ్ము దులపడం ఒక్కటే నా వంతు. ఆ దుమ్ముతో ఊపిరాడక అది సగం వేగానికే పడిపోయిందట. మూత బిగించి, బల్ల మీద దాని వెనకవైపు కింద రెండు చెక్కముక్కలు ఎత్తుపెట్టి, ఛార్జర్ తగిలించింది.

తెర మీద వేగం పెంచే మీట రెండొందల దాకా ఉంది. "ఒక్కసారే రెండొందలకు లాగు!" అన్నాను.

"ఇంజన్‌కు గట్లనే చేస్తుంటివా?"

"ఛ! కొంచెం తిప్పి, చెయ్యి పెట్టి చూసి, చప్పుడు విని, అప్పుడు ఇంకొంచెం."

"ఇదీ గంతే."

కార్డు వేగం పాతిక మెగాహెర్ట్జ్ పెంచింది. కాసేపు పరీక్ష నడిపింది. వేడి అంకె చదవడం నాకు అప్పజెప్పింది. డెబ్బై నాలుగు డిగ్రీలు. మళ్లీ పాతిక. డెబ్బై ఆరు. నూట పాతిక దగ్గర తెర మీద చుక్కలు మెరిశాయి. నాకు ముచ్చటేసింది.

"ముచ్చట కాదు తాతా. ఇగ నావల్ల కాదంటుంది అది."

వేగం వందకు దించుతుందనుకున్నాను. డెబ్బై ఐదుకు దించింది.

"ఒక్క మెట్టు దిగితే సాలదా?"

"మధ్యాహ్నానికి ఎండ ఇంకా ముదురుతది. గప్పుడు కూడా తట్టుకోవాలె."

నా దగ్గర పనికి కుదిరినవాళ్లెవరికీ ఈ బుద్ధి ఉండేది కాదు. పదకొండింటికి, ఆగిన చోటి నుంచే పని మళ్లీ మొదలైంది. ఇద్దరం అన్నం కూడా తెర ముందే తిన్నాం. నాలుగుకు ఎనిమిది నిమిషాలుందనగా వీడియో పూర్తయింది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ఉరికాం.

రేకుల పందిరి కింద సంఘ పెద్దల నడుమ పగిడయ్య చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తెర మీద మెట్ల పక్కన ఏటవాలు దారి, పెద్ద కిటికీలు, లోపలికి పడే వెలుగు. వీడియో చర్చి గుమ్మం దగ్గరకు వచ్చేసరికి పగిడయ్య తెలియకుండానే కుర్చీ కింద చెప్పులు విడిచాడు. బొమ్మ ఆగాక గొంతు సవరించుకుని, "భీమయ్య మేస్త్రీకి చెప్పండి. ముగ్గు మా దీవెన ప్లానుకే పొయ్యమని," అన్నాడు. పిల్ల నన్ను గట్టిగా వాటేసుకుంది.

ఇందులో ఒక్క ముక్క మాత్రం నేను కల్పించాను. చెప్పులు విడిచింది పగిడయ్య కాదు, నేను.