రూతమ్మ గారి ఉత్తరం, పదకొండు కాపీలు

నేను ఒక సైక్లోస్టైల్ మిషన్ను. జిరాక్సు వచ్చాక పుట్టినవాళ్లకు నన్ను పరిచయం చేయక తప్పదు. మైనం కాగితం మీద టైపు కొడితే అక్షరాలున్న చోట చిల్లులు పడతాయి. ఆ కాగితాన్ని నా డ్రమ్ముకు చుట్టి, సిరా పోసి, హ్యాండిల్ తిప్పితే చాలు. ఒక మనిషి మాట వందమంది చేతుల్లోకి వెళుతుంది. ఆ మాట నిజమా అబద్ధమా అని నేనెప్పుడూ అడగలేదు. అడిగే మిషన్ను ఎవరూ కొనరు.

కలకత్తాలో ఒక కార్ఖానాలో పుట్టాను. గూడ్సు బండెక్కి విశాఖపట్నం చేరాను. మొదట నన్ను ఒక ట్యుటోరియల్ కాలేజీ కొన్నది. 'ఈ ప్రశ్నలు తప్పకుండా వస్తాయి' అంటూ ఏటా నాచేత కాగితాలు తీయించేవారు. తప్పకుండా వచ్చేది ఫీజు ఒక్కటే. తర్వాత ఒక కార్మిక సంఘం చేతిలో పడ్డాను. వాళ్లు రెండుగా చీలిపోయిన రోజున ఉదయం ఒక వర్గం, మధ్యాహ్నం రెండో వర్గం ఒకరినొకరు ద్రోహులంటూ నా మీదే కరపత్రాలు తీసుకున్నారు. సిరా మాత్రం ఉమ్మడి ఖర్చు. చివరికి ఇద్దరూ కలిసి నన్ను పూర్ణా మార్కెట్ దగ్గర పాత సామాన్ల కొట్టుకు అమ్మేశారు.

అక్కడికి వచ్చింది బొడ్డు రూతమ్మ. మిలిటరీ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటుంది. నా హ్యాండిల్ పట్టుకుని నాడి చూసినట్టు చూసింది.

"సిస్టరుగారూ, అది పిండి మర కాదండీ బాబూ," అన్నాడు కొట్టువాడు.

"తెలుసులేవయ్యా. నాకు రుబ్బాల్సినవి వేరే ఉన్నాయి," అంది.

అది సరిహద్దులో కాల్పులు మొదలైన ఎండాకాలం. రూతమ్మకు ఒకటే పని. యుద్ధం వద్దని ఉత్తరాలు రాయడం. మంత్రులకు రాసేది, ఎంపీకి రాసేది, పత్రికలకు రాసేది. రెండు పేజీలు రాసి పంపితే ఒక పత్రిక దాన్ని ఒక్క వాక్యం చేసి, పందుల బెడద మీద వచ్చిన ఫిర్యాదు కింద వేసింది. ఎంపీ గారి ఆఫీసు నుంచి మాత్రం జవాబు వచ్చింది. పుట్టినరోజు శుభాకాంక్షలు తెలిపినందుకు కృతజ్ఞతలట.

అదే ఎంపీ ఒకరోజు పేపర్లో ప్రకటన ఇచ్చాడు. 'మా దగ్గర ప్రతి ఇల్లూ యుద్ధమే కోరుతోంది. వద్దని నాకు ఒక్క ఉత్తరమూ రాలేదు. నెలాఖరున మైదానంలో సభ పెట్టి మన కుర్రాళ్లను కదిలిస్తాను.'

రూతమ్మ పేపరు మడిచి పక్కన పెట్టింది. సభలోపు ఆ మనిషి ఒక్క ఉత్తరమైనా పూర్తిగా చదవాలి. ఆమె పట్టుదల అదే. నన్ను కొన్నదీ అందుకే.

అచ్చు కాగితమైతే బుట్టలో పడేస్తారు, చేతిరాతైతే చదువుతారు అన్నది ఆమె లెక్క. అందుకని నమూనా ఉత్తరం టైపు చేయించి, కింద తన పేరూ చిరునామా వేసి, 'దీన్ని మీ చేతిరాతతో కాపీ చేసి పంపండి, పదిమందికీ చెప్పండి' అని పెట్టింది. ఎంపీ చిరునామా వెనకవైపు వేసింది. నేను గిరగిరా తిరిగాను. ఆమె వీధివీధీ పంచింది.

వారం గడిచింది. ఒక పొద్దున్న పక్కింటి అప్పలకొండ పరుగున వచ్చింది.

"సిస్టరమ్మా! నీకు అమ్మోరి ఉత్తరం వొచ్చిందా? పదకొండు మందికి రాయాలట. రాయపోతే ఇంట్లో పెళ్లి ఆగిపోద్దట. నాను నిన్ననే పోస్టులో ఏసేసినాను!"

రూతమ్మ ఆమె చేతిలోని కార్డు తీసుకుని చూసింది. నాలుగు మూలలా పసుపు. మధ్యలో తన ఉత్తరమే, కామాలతో సహా. అడుగున తన పేరు. దాని కింద ఎవరో చేర్చిన శాపం. తను పంచిన కాగితం తిప్పి వెనకవైపు చూసినవాడు ఊళ్లో ఒక్కడూ లేడు. చేతితో కాపీ చేయమంటే మనవాళ్లకు తెలిసిన పద్ధతి ఒకటే. జిల్లా అంతా యుద్ధం వద్దని రాస్తోంది. మేనత్తలకూ వియ్యంకులకూ రాస్తోంది. ఎంపీకి మాత్రం ఎవరూ రాయలేదు.

సభ ఇంకా రెండు రోజులుందనగా మా గుమ్మం ముందు జీపు ఆగింది. ఒక ముసలావిడ దిగింది. ఎంపీ గారి తల్లి సన్యాసమ్మ.

"రూతమ్మంటే నువ్వేనా? అమ్మోరి ఉత్తరం అడుగున నీ పేరే ఉందట. అందుకే నిన్నడగనాకొచ్చినాను. నాకు కళ్లు ఆనవు. మావోణ్ణి కూకోబెట్టి రాయించినాను. ఎంపీ అయితే మాత్రం అమ్మోరికి బయపడడా ఏటి? సగం రాసి, సెయ్యి నొప్పెడతందని మిగిలినియ్యి పీయే సేత రాయించినాడు. మనవరాలి పెళ్లుంది తల్లీ. పీయే రాసినియ్యి సెల్తాయా?"

చెల్లవని చెప్పెయ్, మళ్లీ మొదటినుంచి రాయించమను అని నేను మనసులోనే మొత్తుకున్నాను. నన్ను ఏలినవాళ్లంతా అదే చెప్పి ఉండేవారు. రూతమ్మ చెప్పలేదు.

"అమ్మా, శాపం లేదు. అది అమ్మవారి ఉత్తరం కాదు. నేను రాసింది. పెళ్లికేమీ కాదు, నిశ్చింతగా ఉండండి."

"ఓలమ్మా! అయితే నా కొడుకు సేత ఉత్తినే సాకిరీ సేయించినావా? ఎందుకు రాసినావు?"

రూతమ్మ ఆమెకు కుర్చీ వేసింది. వెనకటి యుద్ధంలో తన వార్డుకు వచ్చిన ఒక కుర్రాడి గురించి చెప్పింది. వాడు తల్లికి ఉత్తరం రాయమని అడిగాడు. 'అమ్మా, చేతికి చిన్న దెబ్బ. అందుకే సిస్టరుగారు రాస్తున్నారు' అని చెప్పి రాయించాడు.

"నేను అలాగే రాశానమ్మా. వాడికి రెండు చేతులూ లేవు."

జీపు డ్రైవరు హారను కొట్టాడు. "ఆగరా!" అని సన్యాసమ్మ కసిరింది. తర్వాత రూతమ్మ వైపు తిరిగింది.

"కాయితం తియ్. నాను సెప్తాను, నువ్వు రాయి. మావోడికే."

ఆమె చెప్పింది, రూతమ్మ రాసింది. 'నాయనా, కుర్రోళ్లని యుద్దానికి ఎల్లమని సబలో సెప్తావట. ముందు నువ్వు బయల్దేరు. నాను గుమ్మంలో నిలబడి పంపిత్తాను. నాకు నీ సేతులు రెండూ కావాల. ఆళ్లమ్మలకీ అంతే.' అడుగున సన్యాసమ్మ వేలిముద్ర వేసింది. ఒక్క కాపీ. నాతో పనే పడలేదు. నా జన్మలో అంత మంచి ఉత్తరం నేను చూడలేదు, అది నా డ్రమ్ము మీదికి రానేలేదు.

సభ జరిగింది. ఎంపీ గారు గంటసేపు మంచినీళ్ల పైపుల గురించి మాట్లాడి దిగిపోయారట. యుద్ధం ఊసెత్తలేదు. జనం నిరాశపడ్డారని పేపర్లో వేశారు. ఆ తర్వాత కాల్పులు ఆగాయి. అది మా వల్లేనని గొప్పలు చెప్పుకోను.

రూతమ్మ మాత్రం ఆగలేదు. లోకంలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు ఫిరంగి తుడుస్తూనే ఉంటారు కదా. నేను ఆమె వరండాలోనే ఉన్నాను. కాస్త తుప్పు పట్టాను, హ్యాండిల్ కీచుమంటుంది. మొన్న కొత్త మైనం కాగితం చుట్టింది. ఈసారి చిరునామా ముందువైపే వేసింది. అడుగున ఇలా టైపు చేయించింది: 'ఇది పంపకపోతే మీకేమీ కాదు. అయ్యేది వేరేవాళ్ల పిల్లలకు.'

సిరా పోసింది. నేను కీచుమంటూనే తిరిగాను.