అత్తగారి గది కెమెరా

నాలుగింటి పాఠం కూడా మధ్యలో ఆగితే లెక్కల టీచరు ఉద్యోగం ఊడినట్టే. అత్తగారు పోయాక, ఇల్లు మరీ బోసిపోయిందని చేరిన ఉద్యోగం అది. ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో పిల్లలకు పాఠాలు చెప్పడం. చేరిన నాటినుంచీ ఆమె బొమ్మ బిగుసుకుపోతోందని, మాట ముక్కలవుతోందని తల్లిదండ్రులు గోల పెడుతున్నారు. ఇవాళ పైఅధికారిణి స్వయంగా వింటానంది. భర్త ఫ్యాక్టరీకి పోయాక ఆమెను పలకరించే గొంతులు ఆ పిల్లలవే. అవీ పోతాయని తెలిసినా టీచరుకు కంగారు పుట్టలేదు. మూడు నెలలుగా ఆమెకు ఏదీ పట్టడం లేదు.

తలా ఒక వైద్యం చెబితే అన్నీ చేసింది. ఇంటర్నెట్ డబ్బాని బీరువా మీదికెక్కించింది, వైరు మార్పించింది, పెద్ద ప్లాను తీసుకుంది. దేనికీ లొంగలేదు. చివరికి రెండింటికి నెట్ మెకానిక్ వచ్చి, నేల మీద చతికిలబడి, కాసేపు ఫోను గీకాడు.

"మేడమ్, పెద్ద ప్లాను తీసుకుంటే వచ్చే స్పీడే పెరిగింది. సినిమాలు ఎన్నైనా చూసుకోవచ్చు. పాఠం చెప్పడమంటే ఇక్కణ్ణించి పంపడం కదా? పంపే స్పీడు ఐదు ఎంబీలే. అందులో నాలుగు ఒక కెమెరాయే మింగేస్తోంది. ఇరవైనాలుగ్గంటలూ పంపుతూనే ఉంది."

ఏ కెమెరా అని ఆమె అడగలేదు. మంచాన పడ్డ అత్తగారిని వంటింట్లోంచి కనిపెట్టుకోవడానికి పెట్టించిన కెమెరా. "నా మీద పోలీసుని పెట్టావా?" అని ఆవిడ మొదట సణిగింది. తర్వాత మంచినీళ్లు కావాలంటే కెమెరాకేసి చెయ్యెత్తేది. ఆ బొమ్మ కనిపించే టాబ్లెట్ వంటింటి గట్టు మీంచి ఇప్పుడు కంప్యూటర్ పక్కకు చేరింది. అందులో ఒట్టి మంచం, మడతపెట్టిన దుప్పటి. టీచరు దాన్ని ఆపలేదు. ఆపాలన్న ఆలోచనే రాలేదు.

టాబ్లెట్ చూసి మెకానిక్ గొంతు తగ్గించాడు. తీసేయమంటారా అని అడిగాడు.

"నేనే తీస్తాను."

అత్తగారి గదిలోకెళ్లి, మిక్సీ ప్లగ్గు పీకినట్టే కెమెరా ప్లగ్గు పీకేసింది. టాబ్లెట్ నల్లబడింది. ఏమీ అనిపించలేదు.

నాలుగింటికి పాఠం మొదలైంది. భిన్నాలు. గొంతు ఎక్కడా తెగలేదు. పావుగంట విన్న పైఅధికారిణి, ఇక ఇబ్బంది లేదు, కొనసాగించమని చెప్పి వెళ్లిపోయింది. టీచరు తర్వాతి లెక్క ఇచ్చి, ఎప్పటిలాగే పక్కకు చూసింది. టాబ్లెట్లో మంచం లేదు. ఇంక ఆవిడ చెయ్యెత్తదు.

ఇన్నాళ్లూ ఆమె ముఖం పిల్లలకు సరిగా కనిపించింది లేదు. ఇవాళ రెప్పపాటుతో సహా కనిపిస్తోంది. తెర మీద పై వరసలో కనిపించే రెండు జడల పిల్ల పెన్సిల్ దించింది.

"టీచర్, ఏడుస్తున్నారా?"

లేదనబోయింది. మూడు నెలల దుఃఖం ఒక్కసారిగా తన్నుకొచ్చింది. పిల్లలు లెక్క ఆపేసి ఆమెనే చూస్తున్నారు. బొమ్మ ఎక్కడా ఆగలేదు.