నా గాలి ఆపిన సన్యాసమ్మ

నేను ఒక ఇనుప కుంపటిని. ముందే చెబుతున్నాను, నాకు కోపం ఎక్కువ, మరుపు తక్కువ. పెళ్ళికాని ఆడపిల్లను గుండెల మీద కుంపటి అంటారు మీరు. ఆ పిల్ల ఏం చేసిందో, నేనేం చేశానో, ఇద్దరినీ ఒక్క మాటతో తిట్టేస్తారు!

నర్సీపట్నంలో ఒక కమ్మరి తారు డ్రమ్ము రేకు కోసి నన్ను చేశాడు. పైన బొగ్గులకు గిన్నె, మధ్యలో ఊచలు, కింద ఒక కంత. ఆ కంతలోంచే నేను గాలి పీల్చాలి. మొదట కంసాలి కమలాచారి నన్ను అరుగు మీద పెట్టుకున్నాడు. గోడకు మూరెడు ఎడం, చుట్టుపక్కల పుల్లముక్క ఉండనిచ్చేవాడు కాదు. పొద్దున్నే బూడిద తీసి కంత శుభ్రం చేసేవాడు. ఆ ఇంట్లో నావల్ల ఎవరూ ఒక్కసారి కూడా దగ్గింది లేదు. తర్వాత ఆయన నగల దుకాణంలో పనికి కుదిరి, నన్ను పక్కింటి సన్యాసమ్మకు ఇచ్చేశాడు. అక్కడే నా ఖర్మ కాలింది.

సన్యాసమ్మకు నేల మీద బూడిద రాలకూడదు. అందుకని నా కంతకు ఇటుక అడ్డం పెట్టింది. వెనక పిడకల బస్తా, పక్కన చీపుళ్ళు ఆనించింది. ఊపిరాడక నేను పొగ కక్కితే అట్లకాడతో ఒక్కటిచ్చి, "పాడు కుంపటి! రాజుకోడానికి ఏడుపేటి దీనికి!" అనేది. ఓహో, అలాగా, అనుకున్నాను. ఒకరోజు నిప్పురవ్వ ఎగరేసి ఆవిడ కొత్త చీర కుచ్చిళ్ళకు చిల్లి పెట్టాను. అయినా నా కడుపుమంట చల్లారలేదు.

పుష్యమాసం చలిలో కూతురు హైమావతి పురిటికొచ్చి ఆడపిల్లను కన్నది. బాలింతకు గాలి తగలకూడదని సన్యాసమ్మ పురిటిగది కిటికీ మూసి, సందుల్లో పాతగుడ్డలు కుక్కింది. తల్లికీ బిడ్డకీ నీళ్ళు పోసి నులకమంచం మీద పడుకోబెట్టి, నిండా బొగ్గులు వేసి నన్ను మంచం కిందకు తోసింది. ఇటుక మామూలే.

నా గాలి నువ్వు ఆపితే నీ ఇంటి గాలి నేను తింటాను, అనుకున్నాను. తిన్నాను కూడా. నా పగ సన్యాసమ్మ మీద. ఆవిడేమో తలుపు వేసి కింద గోనె దోపి, బయట ఎండలో కూర్చుని గోంగూర వలుస్తోంది. మూసిన గదిలో నిప్పు ఎవరు నావాళ్ళు, ఎవరు పగవాళ్ళు అని చూడదు.

"అమ్మా, తల దిమ్ముగా ఉందే. కిటికీ తియ్యవే," అంది హైమ లోపల్నుంచి.

"పచ్చి ఒళ్ళు, అలాగే ఉంటాది. గాలి కొడితే వాతం కమ్ముతాది, పడుకో."

కాసేపటికి హైమ మాట ఆగింది. తర్వాత బిడ్డ ఏడుపూ ఆగింది. "వెచ్చగా ఉందేమో, హాయిగా నిద్దరోయారు," అని సన్యాసమ్మ మురిసిపోయింది.

అప్పుడే అల్లుడు చిన్నంనాయుడు బత్తాయిల సంచితో వచ్చాడు. పెళ్ళాన్ని పిలిచాడు. పలుకు లేదు. మళ్ళీ పిలిచాడు. తలుపు మీద చెయ్యి వేసేసరికి సన్యాసమ్మ అడ్డంగా నిలబడింది.

"పురుడెళ్ళకుండా మగాడు లోపలికెళ్తాడేటి బాబూ? అంటు!"

"అది పలకట్లేదత్తా! తప్పుకో!"

"నిద్దరోయినోళ్ళు ఎలా పలుకుతారు?"

ఆవిణ్ణి పక్కకు నెట్టి తలుపు ఒక్క తన్ను తన్నాడు. బిడ్డను భుజాన వేసుకుని, హైమను రెక్క పట్టి వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు. బిడ్డ గుడ్డపేలికలా వేలాడింది. చల్లగాలి తగలగా తగలగా కీచుమంది. హైమ కళ్ళు తెరిచి వాంతి చేసుకుంది. ఆసుపత్రికి తీసుకుపోతే అక్కడివాళ్ళు ఇద్దర్నీ బతికించి ఇంటికి పంపారు.

సన్యాసమ్మ నన్ను పెరట్లో పెంటకుప్ప మీదకు విసిరేసింది. "దిష్టి కుంపటి! నా పిల్లని పొట్టన పెట్టుకోబోయింది!" అని వీధంతా చాటింది. నా ఒళ్ళు మండిపోయింది. ఇటుక పెట్టిన చెయ్యి ఎవరిదే, సన్యాసమ్మా!

ఆ అరుపులు విని హైమ బిడ్డతో పెరటి గుమ్మంలోకి వచ్చింది.

"దాన్ని తిట్టకమ్మా. కిటికీలో గుడ్డలు కుక్కింది నువ్వు."

సన్యాసమ్మ నోరు మూతపడటం నేను చూడటం అదే మొదలు. నేను కక్కిన పొగంతా కలిసి చెయ్యలేని పని ఆ పిల్ల ఒక్క మాటతో చేసింది. ఆ పూటే హైమ బిడ్డనెత్తుకుని మొగుడి వెంట వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు ఆ గదిలో సన్యాసమ్మ ఒక్కతే పడుకుంటుంది. పొద్దువాలగానే కిటికీ మూయబోతుంది. రెక్క దాకా వెళ్ళిన చెయ్యి ఆగిపోతుంది. మూయలేక, రెండు దుప్పట్లు కప్పుకుని మూలుగుతూ వణుకుతుంది. కుప్ప మీద నుంచి నాకు బాగా కనిపిస్తుంది.

వణకనీ.